చోక్ అక్కరలేని బండి: నిలకడ లేని ఐడ్లింగ్ మీద ఒక కేస్ స్టడీ

బ్రేకులు పట్టకపోతే బండిని ఎవరూ ఇంట్లో విప్పరు. ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజను తిరిగే వేగం, తప్పితే మాత్రం చేతిలో స్క్రూడ్రైవరు ఉన్న ప్రతివాడూ వైద్యుడే. అందుకే ఈ జబ్బుతో నా దగ్గరికి వచ్చే బండి మీద అప్పటికే ఇద్దరు ముగ్గురు చేయి చేసుకుని ఉంటారు. ఇక్కడ రాస్తున్న కేసులో నలుగురు. నాలుగోవాణ్ణి నేనే. రెండు సార్లు తప్పుదారి పట్టాను కాబట్టే రాస్తున్నాను. యజమానిని గుర్తుపట్టే వివరాలు వదిలేశాను, బండి పేరు కూడా చెప్పడం లేదు. ఇందులో ఆ కంపెనీ తప్పేమీ లేదు.

నేపథ్యం

బెంగళూరులో మారతహళ్లి వైపు నాదొక చిన్న వర్క్‌షాప్. 20 ఏళ్లు దాటింది. వచ్చేవాళ్లలో సగం మంది తెలుగువాళ్లు. ఊళ్లో నాన్న నడిపిన బండిని రైల్లో వేసుకుని తెచ్చుకునే కుర్రాళ్లు వాళ్లలో ఎక్కువ. ఈ బండి కూడా అలాంటిదే. 150 సీసీ, 2015 నాటిది, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. కార్బురేటర్ బండి. కార్బురేటర్ అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం. ఇది డయాఫ్రమ్ ఉన్న రకం, అంటే లోపల గొట్టానికి అడ్డంగా బిళ్ల తిరుగుతుంది, దాని వెనుక పిస్టన్ గాలి పీల్పుకు తనంతట తాను లేస్తుంది.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధన వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారాయి. వాటిలో ఐడ్లింగ్‌ను కంప్యూటర్ చూసుకుంటుంది. స్కానర్ పెట్టి చదవడం నేర్చుకుని ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలకు కార్బురేటర్ అంటే తాతలనాటి గడియారం. వాళ్లను తప్పు పట్టలేను. కానీ రోడ్డు మీద ఇంకా లక్షల కార్బురేటర్లు తిరుగుతూనే ఉన్నాయి.

అతని ఫిర్యాదు

యువకుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చొక్కా జేబులో పెన్నుతో పాటు చిన్న స్క్రూడ్రైవరు కూడా ఉంది. ముందు నా చూపు దాని మీదే పడింది.

అతను చెప్పింది ఇది. పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. పది, పదిహేను నిమిషాలు ఏ బాధా లేదు. రింగు రోడ్డు రద్దీలో పాకుతూ సిల్క్ బోర్డు కూడలి చేరేసరికి ఐడ్లింగ్ 1,400 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) నుంచి మెల్లగా ఎక్కడం మొదలుపెడుతుంది. 2,500 దాకా వెళ్లి అక్కడే నిలబడుతుంది. సిగ్నల్లో పక్కవాళ్లు తిరిగి చూస్తారు. సిగ్గుపడి, వంగి, ఐడ్లింగ్ స్క్రూ వెనక్కి తిప్పి తగ్గిస్తాడు. తరువాత హోసూరు రోడ్డు మీద గాలి తగిలేలా పది నిమిషాలు పోయి ఇంకో సిగ్నల్లో ఆగితే ఈసారి ఇంజను ఆగిపోతుంది. మళ్లీ స్క్రూ ముందుకి. రోజుకు నాలుగైదు సార్లు ఇదే తంతు.

"కార్బురేటర్ మూడు సార్లు క్లీన్ చేయించాను అన్నా. ఇరీడియం ప్లగ్గు వేయించాను. ఎయిర్ ఫిల్టరు, యాక్సిలరేటర్ కేబులు కొత్తవి. సీడీఐ మార్చమంటున్నారు, మార్చేద్దామా?"

"ఆగు తమ్ముడూ, ముందు చూడనీ" అన్నాను.

వెళ్లబోతూ వెనక్కి తిరిగి ఒక మాట అన్నాడు. "ఒక్క మేలు మాత్రం జరిగింది. రెండోసారి క్లీన్ చేసినప్పటి నుంచి చోక్ అక్కరలేదు. డిసెంబరులో కూడా లాగలేదు."

నేను నవ్వి ఊరుకున్నాను. కేసు మొత్తం ఆ మాటలోనే ఉందని పన్నెండు రోజుల తరువాత గాని నాకు తెలియలేదు.

మొదటి ఆలోచనలు

సీడీఐ అంటే ప్లగ్గుకు స్పార్క్ పంపే పెట్టె. అది వద్దనడానికి నా కారణం ఇది. స్పార్క్ చెడితే ఇంజను తడబడుతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. ఎవరూ యాక్సిలరేటర్ తిప్పకుండా వేడెక్కిన ఇంజను వేగం వెయ్యి ఆర్‌పీఎం పెరిగిందంటే దాదాపు ఎప్పుడూ దానికి ఎక్కడి నుంచో అదనపు గాలి అందుతున్నట్టే. బిళ్ల పూర్తిగా మూసుకోకపోవాలి, లేదా బిళ్ల దాటాక ఎక్కడో చిల్లు ఉండాలి. మా వాళ్లు దీన్ని ఎయిర్ లీకు అంటారు. నేను దొంగగాలి అంటాను. కార్బురేటర్ లెక్కలోకి రాకుండా వెనుక గుమ్మం నుంచి వచ్చే గాలి అది.

అతనికి ఒక అనుమానం ఉంది: ఇథనాల్ పెట్రోలు. అది గాలి మాట కాదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో ఈ బెంగళూరులోనే ప్రారంభించారు. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కాబట్టి అదే జెట్ (కార్బురేటర్లో పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రం) నుంచి అదే పరిమాణంలో ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తే మిశ్రమం కొంచెం పలచబడుతుంది. ఇంజెక్షన్ బండి సెన్సార్ చూసి సర్దుకుంటుంది, కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. అంతవరకు నిజమే. కానీ పెట్రోలు సిల్క్ బోర్డు దగ్గర ఒక రకంగా, హోసూరు రోడ్డు మీద ఇంకో రకంగా ఉండదు కదా. ట్యాంకులో ఉన్నది అదే. కార్బురేటర్లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ చాంబరు అడుగు స్క్రూ వదిలి గాజు గ్లాసులోకి దింపి చూశాను. నీటి పొర లేదు, తుప్పు లేదు. పెట్రోలును పక్కన పెట్టాను.

ఇంజను పూర్తిగా చల్లారాక మర్నాడు పొద్దున ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు, చూశాను. ఆ ఇంజనుకు ఇన్‌టేక్ 0.05, ఎగ్జాస్ట్ 0.10 మిల్లీమీటర్లు ఉండాలి. ఇన్‌టేక్ సరిగ్గానే ఉంది. ఎగ్జాస్ట్ దగ్గర ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకుల కట్ట) 0.05 ఆకు కూడా బిగుతుగా దూరింది. వాల్వు వేడికి సాగుతుంది. ఆ సందు లేకపోతే వేడెక్కాక పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది, ఐడ్లింగ్ కూలుతుంది. సరిచేశాను. ఆగిపోవడానికి ఇది కారణం కావచ్చు, ఎక్కిపోవడానికి మాత్రం కాదు అని నోటు పుస్తకంలో రాసుకున్నాను.

తరువాత దొంగగాలి పరీక్ష. బండి స్టార్ట్ చేసి, ఐడ్లింగ్‌లో ఉంచి, కార్బురేటర్‌కూ ఇంజనుకూ మధ్య జాయింట్ల మీద మండే స్ప్రే కొట్టి చూశాను. చిల్లు ఉంటే అది లోపలికి పోయి వేగం మారాలి. వేగంలో మార్పు లేదు. లీకు లేదు అని రాసుకున్నాను. ఈ కేసులో నేను చేసిన పెద్ద తప్పు ఈ రెండు మాటలే. "ఇప్పుడు, ఈ చలిలో, స్టాండు మీద లీకు లేదు" అని రాసి ఉండాల్సింది.

మొదటి వైఫల్యం

లీకు లేదని నమ్మాక నా బుర్ర ఇంకో దారి వెతుక్కుంది. ప్లగ్గు విప్పితే నల్లగా, పొడి మసితో ఉంది. అంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. దొంగగాలి ఉన్న ఇంజను ప్లగ్గు సాధారణంగా తెల్లబడుతుంది కాబట్టి నా నమ్మకం ఇంకా గట్టిపడింది. మిక్సర్ స్క్రూ పూర్తిగా లోపలికి బిగించాను. ఆ రకం కార్బురేటర్లో ఆ స్క్రూ ఇంజను వైపు ఉంటుంది, అది పెట్రోలు దారిని నియంత్రిస్తుంది, పూర్తిగా మూస్తే ఇంజను చావాలి. చావలేదు. అరిగిన చెప్పుల మోత లాంటి శబ్దంతో నడుస్తూనే ఉంది.

అప్పుడు బెంగళూరు ఎత్తు గుర్తొచ్చింది. నగరం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి పీడనం కోస్తాలో కన్నా దాదాపు పదో వంతు తక్కువ. అదే జెట్ ఇక్కడ కొంచెం ఎక్కువ పెట్రోలు ఇచ్చినట్టు లెక్క. పైగా యువకుడు "ఊరికి తీసుకువెళ్తే ఇంత బాధ పెట్టదు" అన్నాడు. ఊరు కోస్తాలో. ముక్కలన్నీ ఎంత చక్కగా అతుక్కున్నాయో! మిశ్రమం పలచబరిచి, ఐడ్లింగ్ 1,400 కు పెట్టి, బండి ఇచ్చేశాను.

మూడో రోజు తిరిగి వచ్చింది. సిల్క్ బోర్డు దగ్గర 2,500.

ఇప్పుడు ఆలోచిస్తే నా వాదనలోని లొసుగు ఎవరికైనా కనిపిస్తుంది. కోస్తా నుంచి వచ్చి ఈ ఊళ్లో హాయిగా తిరుగుతున్న బండ్లు లెక్కలేనన్ని, ఎత్తు వాటిని పిచ్చెక్కించడం లేదు. ఎత్తు వల్ల మిశ్రమం చిక్కబడుతుంది, గాలి పెరగదు. నేను మొదట రాసుకున్న సూత్రాన్ని నేనే మరిచిపోయి అందంగా అమరిన కథ వెంట పోయాను. ఊళ్లో బాధ తక్కువగా ఉండడానికి అసలు కారణం ఊళ్లో సిగ్నళ్లు లేకపోవడమేమో అని కూడా అడగలేదు.

రోగం ఉన్న చోటికి వెళ్లడం

ఈసారి బండిని స్టాండు మీద చూడడం మానేశాను. సాయంత్రం ఆరున్నరకు నేనే తీసుకుని రింగు రోడ్డు మీదకు వెళ్లాను. రద్దీలో అరగంట. ముందు కారు పొగ, వెనుక హారన్లు, తొడల దగ్గర ఇంజను సెగ. బెళ్లందూరు దాటాక మొదలైంది: 1,600, 1,900, 2,300. ఎక్కడం మెల్లగా, నున్నగా ఉంది. తడబాటు లేదు. హ్యాండిల్ ఎడమకూ కుడికీ తిప్పాను. వేగం మారలేదు, అంటే కేబులు లాగడం లేదు. యాక్సిలరేటర్ ఒకసారి పూర్తిగా తిప్పి వదిలాను. కిందికి దిగడానికి బాగా ఆలస్యం చేసింది.

వర్క్‌షాప్ స్టాండు మీద పెట్టి, పక్కన ఫ్యాను తిప్పి, పది నిమిషాలు నడిపిన ఇంజనును మనం వేడి ఇంజను అనుకుంటాం. రద్దీలో అరగంట పాకిన ఇంజను ముందు ఆ వేడి ఏపాటిది? గాలితో చల్లారే ఇంజనుకు గాలి అందని చోటే అసలు పరీక్ష.

తిరిగి వచ్చాక ఏమి చేయాలో రెండు దారులు కనిపించాయి. ఒకటి, అన్నీ విప్పి ఒక్కొక్కటే చూడడం. రెండోది, కార్బురేటర్‌ను మొత్తంగా అనుమానితుల జాబితా నుంచి తీయడమో ఉంచడమో తేల్చుకోవడం. రెండోదే ఎంచుకున్నాను. విప్పి చూసినకొద్దీ పాత గుర్తులు చెరిగిపోతాయి, కొత్త తప్పులు దూరతాయి. మా షాపులో అదే మోడల్ బండి ఒకటి విడిభాగాల కోసం ఉంది. బాగా పనిచేసే దాని కార్బురేటర్ తెచ్చి ఈ బండికి వేశాను.

మర్నాడు పొద్దున స్టార్ట్ కాలేదు. చోక్ లాగితే అందుకుంది. సాయంత్రం రద్దీలోకి తీసుకువెళ్తే 2,200 దాకా ఎక్కింది, కాకపోతే ఈసారి కొంచెం తడబడుతూ.

ఎక్కడం కార్బురేటర్‌తో పాటు పోలేదు. కాబట్టి దొంగగాలి కార్బురేటర్ లోపల లేదు, దాని తరువాత ఉంది. నా దృష్టి అంతా దీని మీదే నిలిచింది. చోక్ సంగతి కళ్ల ముందే రెండోసారి జరిగింది, నేను రెండోసారీ వదిలేశాను.

వేడి మీద పరీక్ష

వేడి సైలెన్సరు పక్కన మండే స్ప్రే కొట్టే ధైర్యం నాకు లేదు, ఎవరికీ ఉండకూడదని కోరుకుంటాను. ఇంటి నుంచి పూల కుండీలకు నీళ్లు చల్లే సీసా తెచ్చాను. రద్దీ నుంచి నేరుగా షాపులోకి వచ్చి, ఇంజను ఆపకుండా, 2,200 మీద అరుస్తుండగానే, జాయింట్ల మీద ఒక్కొక్క చోట సన్నగా తుంపర కొట్టాను. ఇంజను హెడ్ వైపు ఏమీ లేదు. కార్బురేటర్‌కూ మ్యానిఫోల్డ్‌కూ (ఇంజనులోకి వెళ్లే గొట్టం) మధ్య ఉండే ప్లాస్టిక్ ఇన్సులేటర్ పై అంచున తుంపర పడగానే ఇంజను గుటక వేసినట్టు 1,700 కు దిగి, నీళ్లు పోయాక మళ్లీ ఎక్కింది. మూడు సార్లు చేశాను, మూడు సార్లూ అదే. చిన్న రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస అక్కడ పెడితే సన్నని ఈల.

విప్పాను. ఇన్సులేటర్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి కిందినుంచి ఫీలర్ గేజ్ దూర్చితే మధ్యలో 0.15 ఆకు పట్టింది. రెండు బోల్టుల దగ్గర నొక్కుకుపోయి, నడుము వంగింది. ఎవరో బలమంతా పెట్టి బిగించారు. అంతకన్నా ముఖ్యం, లోపలి రబ్బరు ఓ-రింగు అసలుది కాదు. దుకాణంలో దొరికిన ఏదో సన్న రింగు, చెక్కలా గట్టిపడింది. మంచి రింగు అయితే ఆ పాటి వంపును తనలో కలుపుకునేది. చల్లగా ఉన్నంతసేపు ఎలాగో అంటుకుని ఉండేది. వేడికి ప్లాస్టిక్ మెత్తబడి, రెండే బోల్టుల మీద వేలాడే కార్బురేటర్ బరువుకు పై అంచు సందు ఇచ్చేది. హోసూరు రోడ్డు మీద గాలి తగిలి చల్లబడ్డాక మూసుకునేది. అతను చెప్పిన కథలో రెండు భాగాలు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది: తెరుచుకున్నప్పుడు అరుపు, మూసుకున్నాక చావు. మధ్యలో స్క్రూడ్రైవరు.

జె.సి. రోడ్డుకు వెళ్లి కొత్త ఇన్సులేటర్, అసలు ఓ-రింగులు తెచ్చాను. బోల్టులు ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకుండా, మార్చి మార్చి కొంచెం కొంచెంగా, చేతి వేళ్లకు బరువు తెలిసేంత వరకే. అతని కార్బురేటర్ తిరిగి వేశాను. రద్దీలో తిప్పితే 1,400 దాటలేదు. గర్వంగా ఫోను చేశాను.

బాగు చేశాక ఇంకా పాడైన బండి

మర్నాడు సాయంత్రం అతను బండిని తోసుకుంటూ వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది.

"అరవడం లేదు అన్నా. కానీ ప్రతి సిగ్నల్లో ఆగిపోతోంది. మీ దగ్గరికి వచ్చినప్పుడే నయం."

ఇలాంటి చోట మెకానిక్‌కు మూడు ఆశలు పుడతాయి. ఐడ్లింగ్ స్క్రూ అర చుట్టు పెంచి పంపేయడం. పాత ఇన్సులేటరే బాగుందేమో అని చేసిన పని వెనక్కి తిప్పడం. కార్బురేటర్ మార్చమని బిల్లు రాయడం. మొదటిది అప్పటికే ముగ్గురు చేశారు. రెండోది చేయనని గట్టిగా అనుకున్నాను: వేడి మీద తుంపర పరీక్ష మూడు సార్లు ఒకే జవాబు ఇచ్చింది, ఆ జవాబు అబద్ధం కాదు. లీకు మూయడం సరైన పనే అయితే, మూసిన తరువాత బయటపడింది కొత్త జబ్బు కాదు. అప్పటిదాకా లీకు దాచిపెట్టిన జబ్బు.

ఏమి దాచగలదు? అదనపు గాలి అదనపు పెట్రోలును దాస్తుంది. నల్ల ప్లగ్గు ఎదురుగా ఉంది. లీకు ఉండి కూడా ప్లగ్గు ఎందుకు నల్లగా ఉందన్న ప్రశ్న నన్ను మొదటి రోజే ఆపాల్సింది. అతని కార్బురేటర్‌తో ఐడ్లింగ్ నున్నగా ఎక్కింది, నా కార్బురేటర్‌తో తడబడుతూ ఎక్కింది. దొంగగాలి ఒక్కటే అయితే మిశ్రమం పలచబడి తడబాటు రావాలి. అతని దానిలో ఆ గాలికి జతగా దొంగ పెట్రోలు కూడా ఉంది కాబట్టే అంత చక్కగా అరిచింది. ఇక మూడో గుర్తు అప్పుడు మెదిలింది: డిసెంబరు పొద్దున, బెంగళూరు చలిలో, చోక్ లేకుండా స్టార్ట్ అయ్యే 150 సీసీ కార్బురేటర్ బండి.

చోక్ చేసే పని ఏమిటి? చల్లని ఇంజనుకు కాసేపు ఎక్కువ పెట్రోలు ఇవ్వడం. చోక్ అక్కరలేదంటే ఆ పని ఇంకెవరో రోజంతా చేస్తున్నారన్న మాట.

పైలట్ జెట్ విప్పాను. ఐడ్లింగ్ పెట్రోలంతా దాని గుండానే వస్తుంది. తల మీద అంకె 35, ఉండాల్సింది అదే. కార్బురేటర్ మూడు సార్లు విప్పినవాళ్లు అంకె చూసి సరిపెట్టుకుని ఉంటారు. నేనూ మొదటి రోజు అంతే చేశాను. ఆ అంకె ప్రకారం రంధ్రం సుమారు 0.35 మిల్లీమీటర్లు. దాన్ని కంటితో కొలవడం అసాధ్యం. ఎస్.పి. రోడ్డులో ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో సర్క్యూట్ బోర్డులకు రంధ్రాలు వేసే సన్న డ్రిల్ బిట్లు అమ్ముతారు. కొలతల వారీగా ఒక పెట్టె కొన్నాను. బిట్టు వెనుక కాడ లావుగా ఉంటుంది, ముందు భాగం మాత్రం చెప్పిన కొలతే. తిప్పకుండా, నొక్కకుండా, ఊరికే ఆనించి చూశాను. కొత్త జెట్‌లో 0.40 బిట్టు మొన కూడా దిగలేదు. అతని జెట్‌లో నూనె రాసినట్టు జారిపోయింది.

0.05 మిల్లీమీటరు తేడా ఏపాటిది అనిపిస్తుంది. కానీ పెట్రోలు పారేది వ్యాసం గుండా కాదు, వైశాల్యం గుండా. 0.35 నుంచి 0.40 కు వెళ్తే వైశాల్యం 30 శాతం పెరుగుతుంది. భూతద్దం పెట్టి చూస్తే రంధ్రం అంచున గీతలు. క్లచ్ కేబులు తీగ పోగు ఒకటి దూర్చి తిప్పినట్టున్నారు. తీగ ఉక్కు, జెట్ ఇత్తడి. ఏది అరుగుతుందో చెప్పనక్కరలేదు. ఆ మెకానిక్‌ను తిట్టే హక్కు నాకు లేదు. ఈ పని నేర్చుకున్న తొలి రోజుల్లో నా గురువు నా చేతికి ఇచ్చిందీ కేబులు పోగే. ఎన్ని జెట్లు పాడుచేశానో దేవుడికే తెలియాలి.

కొత్త జెట్ వేశాను. మిక్సర్ స్క్రూ పూర్తిగా మూశాను. ఈసారి ఇంజను బుద్ధిగా చచ్చింది. మొదటి రోజు ఎందుకు చావలేదో కూడా దీనితో తేలింది. ఐడ్లింగ్ స్క్రూను అందరూ పెంచుకుంటూ పోవడంతో బిళ్ల తెరుచుకుని, దాని అంచున ఉండే బైపాస్ రంధ్రాలు బయటపడ్డాయి. మిక్సర్ దారి మూసినా, వెడల్పైన జెట్ నుంచి వచ్చిన పెట్రోలు ఆ రంధ్రాల గుండా పారుతూనే ఉంది. ఇంజను పూర్తిగా వేడెక్కాక స్క్రూను మెల్లగా విప్పుతూ వేగం అన్నిటికన్నా ఎక్కువ ఉన్న చోట ఆపాను, రెండు చుట్ల దగ్గర. ఐడ్లింగ్ స్క్రూతో 1,400 కు దింపి, మళ్లీ మిక్సర్, మళ్లీ ఐడ్లింగ్. రెండు విడతలకు కుదురుకుంది. వరుసగా మూడు సాయంత్రాలు రద్దీలో నేనే తిప్పాను. 1,350కీ 1,450కీ మధ్యే ఉంది. హోసూరు రోడ్డు మీద గాలికి పోయి వచ్చి ఆగినా కదలలేదు.

అసలు ఎలా మొదలైంది

చివర్లో అతన్ని కూర్చోబెట్టి టీ తెప్పించి, మొదటే అడగాల్సింది అప్పుడు అడిగాను: ఎప్పుడు ఏమి జరిగింది, ఏది ముందు, ఏది తరువాత. ఫోనులో డబ్బు పంపిన తేదీలు చూసి చెప్పాడు.

మొట్టమొదటి ఫిర్యాదు అరుపు కాదు. వేడెక్కాక అప్పుడప్పుడు ఆగిపోవడం. దానికి కార్బురేటర్ క్లీన్ చేశారు, తగ్గలేదు. రెండోసారి ఇంకో చోట క్లీన్ చేశారు. చోక్ అక్కరలేకుండా పోయింది, మైలేజీ పడిపోయింది, ఆగిపోవడం అలాగే ఉంది. మూడోసారి మరో చోట. అక్కడ "జాయింటు దగ్గర పెట్రోలు చెమ్మ ఉంది" అని రింగు మార్చి గట్టిగా బిగించారట. అరుపు మొదలైంది ఆ వారంలోనే.

అంటే తొలి జబ్బు బిగిసిన ఎగ్జాస్ట్ ట్యాపెట్. ఫీలర్ గేజ్ ఆకుతో అరగంటలో అయిపోయే పని. దాన్ని నేను మొదట్లోనే సరిచేసి, చేసింది ఏమిటో తెలియకుండానే పక్కకు జరిపాను. మిగతా రెండు జబ్బులూ వైద్యం పెట్టినవి. ఒకదాని మీద ఒకటి ఆనుకుని పడిపోకుండా నిలబడ్డాయి. అందుకే వాటిలో ఒకదాన్ని లాగగానే బండి కూలింది.

ఈ తేదీలు మొదటి రోజే కాగితం మీద ఉంటే రెండో వరుసలో "చోక్ అక్కరలేదు" అనీ, మూడో వరుసలో "అరుపు" అనీ కనిపించేవి. పన్నెండు రోజులు బహుశా మూడు రోజులయ్యేవి. ఇప్పుడు ఐడ్లింగ్ కేసు వస్తే బండి ముట్టుకోకముందు ఒక పేజీ రాస్తాను: జబ్బు ఎప్పుడు వచ్చింది, ఆ ముందు వారం ఎవరు ఏది విప్పారు, పొద్దున చోక్ లాగుతారా లేదా, మైలేజీ మారిందా. చోక్ ప్రశ్నకు చాలామంది సంతోషంగా "అక్కరలేదు" అంటారు. వెంటనే నా చేయి పైలట్ జెట్ వైపు వెళ్తుంది.

లీకు పరీక్ష ఫలితం పక్కన ఇంజను ఏ స్థితిలో ఉందో రాయడం అలవాటు చేసుకున్నాను. చల్లని ఇంజను మీద లీకు దొరికితే దొరికినట్టే, దొరకకపోతే మాత్రం అది జవాబు కాదు. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడికి షాపులో కేబులు పోగు ముట్టుకోవడం నిషేధం. జెట్ మూసుకుపోతే ద్రవంలో నానబెట్టడం, గాలితో ఊదడం, అప్పటికీ రాకపోతే కొత్తది. డ్రిల్ బిట్ల పెట్టె కొలవడానికే, తిప్పడానికి కాదు. ఆ పెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది. కుర్రాడి మీద నమ్మకం లేక కాదు, నా పాత అలవాటు మీద.

రెండు విడిభాగాల ధర కలిపినా అతను అంతకుముందు కొన్న ఇరీడియం ప్లగ్గు ధరకు రాలేదు. మైలేజీ మళ్లీ పాత అంకెకు వచ్చిందని నెల తరువాత చెప్పాడు. స్క్రూడ్రైవరు జేబులో కనిపించలేదు.

డిసెంబరు మొదటి వారంలో పొద్దున ఏడింటికి ఫోను వచ్చింది. గొంతులో చిన్న నిష్ఠూరం.

"అన్నా, మళ్లీ ఏదో తేడా వచ్చింది. రెండు రోజులుగా చోక్ లాగితే గాని స్టార్ట్ కావడం లేదు."

"లాగు తమ్ముడూ" అన్నాను. "అది ఉన్నది అందుకే."